గీత మీదే మడిచారు, అయినా డబ్బా 3 మి.మీ. పెద్దదైంది. తప్పు నాదా, బెండింగ్ వాళ్లదా?

మిర్చి_మిషన్ (హనుమకొండ), ఆదివారం రాత్రి 10:12
అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. డిప్లొమా మెకానికల్ చేశాను. పగలు ట్రాక్టర్ల సర్వీస్ పని, రాత్రిళ్లు ఇంటి వెనక షెడ్డులో ఎండుమిర్చి తొడిమలు తీసే చిన్న మిషన్ తయారు చేస్తున్నా. మా అమ్మ ఎనుమాముల దగ్గర కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి పోయేది, సాయంత్రం ఇంటికొస్తే వేళ్లు మండి అన్నం కూడా స్పూనుతో తినేది, అక్కడ పుట్టిన ఆలోచన ఇది.

విషయానికి వస్తా. మోటార్ కంట్రోల్ పెట్టడానికి పైన తెరిచి ఉండే డబ్బా కావాలి. 16 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్ మైల్డ్ స్టీల్) షీటు, అంటే 1.6 మి.మీ. మందం. బయటి కొలతలు 300 × 200, లోతు 80. ఫ్రేములో దాని కోసం 301 గ్యాప్ వదిలి యాంగిల్ ముక్కలు వెల్డింగ్ కూడా కొట్టేశాను. విప్పిన రేకు కొలత 460 × 360 అని లెక్క వేసి, నాలుగు వైపులా అంచు నుంచి 80 దగ్గర మడత గీతలు పెట్టి ఇచ్చాను. లేజర్ కటింగ్ కరెక్టుగా వచ్చింది, వెర్నియర్ పెట్టి చూసుకున్నా. మడిచాక చూస్తే 303 × 203, గోడలు 81.5. ఫ్రేములో దూరడం లేదు. అడిగితే "నువ్విచ్చిన గీత మీదే కొట్టాం" అన్నారు. రెండు పీసులూ అంతే. డబ్బులు కట్టి తెచ్చుకున్నా. ఇందులో తప్పెవరిది? రేకు మడిచే మిషన్, అదే ప్రెస్ బ్రేక్, చిన్నది నేనే ఒకటి కొనుక్కుంటే ఈ గొడవ తప్పుతుందా?

బాలానగర్_రిటర్న్ (కరీంనగర్), ఆదివారం రాత్రి 10:40
తమ్మీ, మిషన్ కొనకు. వాళ్లతో గొడవ కూడా పెట్టుకోకు. వాళ్లు గీత మీదే కొట్టారు, నీ కొలతలే చెప్తున్నాయి. 81.5 + 303 + 81.5 ఎంత? 466. నువ్విచ్చిన రేకు 460. ఆ 6 మిల్లీలు ఎక్కడి నుంచి వచ్చాయి అనేదే అసలు ప్రశ్న.

రేకును మడిస్తే బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. మూల కూడా మనం కాగితం మీద గీసినట్టు సూదిలా రాదు, గుండ్రంగా తిరుగుతుంది. అందుకని బయటి కొలతలు కూడితే అసలు రేకు కన్నా ఎక్కువ వస్తాయి. ఈ ఎక్కువనే బెండ్ డిడక్షన్ అంటారు. నీ దాంట్లో మడతకు 3 మిల్లీలు, రెండు మడతలకు 6. సరిగ్గా లెక్కకు వచ్చింది. 460 కాదు, 454 ఇవ్వాల్సింది.

బాలానగర్‌లో 14 ఏళ్లు చేశా. మొదటి నెలలో నేను పాడు చేసినన్ని రేకులు నువ్వింకా చూడలేదు.

సుత్తి_చాలు (జనగామ), ఆదివారం రాత్రి 11:05
రెండు డబ్బాలకు ఇంత లెక్కలా. రెండు యాంగిళ్ల మధ్య రేకు బిగించి కర్ర సుత్తితో కొట్టుకుంటే అయిపోద్ది. మా నాన్న ధాన్యం గుమ్ములు చేసింది అట్లనే.

బాలానగర్_రిటర్న్ (కరీంనగర్), ఆదివారం రాత్రి 11:11
గుమ్మి 3 మిల్లీలు పెరిగితే రెండు గింజలు ఎక్కువ పడతాయి అన్నా. ఇతని డబ్బా ఫ్రేములో దూరాలి.

క్యాడ్_అక్క (కాజీపేట), సోమవారం ఉదయం 7:25
పై లెక్క కరెక్టే. ఆ 3 ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం విప్పి చెప్తా, ఎందుకంటే రేపు 2 మి.మీ. రేకు తీసుకుని అక్కడా 3 తీసేస్తే మళ్లీ తప్పే.

రేకు మందంలో సాగకుండా, నలగకుండా ఉండే ఒక పొర ఉంటుంది. లోపలి అంచు నుంచి అది ఎంత దూరంలో ఉందో మందంలో భాగంగా చెప్పేదే కె ఫ్యాక్టర్. మామూలుగా 0.33 నుంచి 0.5 మధ్య ఉంటుంది, మైల్డ్ స్టీల్‌కు ఇలాంటి మడతల్లో నేను 0.42 దగ్గర మొదలుపెడతా. 90 డిగ్రీల మడతలో ఆ పొర పొడవు, లోపలి వ్యాసార్థానికి 0.42 రెట్ల మందం కలిపి 1.57తో గుణిస్తే వస్తుంది. లోపలి వ్యాసార్థం 2 అనుకుంటే 2.67 ఇంటూ 1.57, దాదాపు 4.2. బయటి మూల నుంచి రెండు వైపులా 3.6 (వ్యాసార్థం 2, మందం 1.6 కలిపి) చొప్పున 7.2. 7.2లోంచి 4.2 తీస్తే 3.0.

మరి లోపలి వ్యాసార్థం 2 అని ఎవరు చెప్పారు? అది నీ డ్రాయింగ్ చెప్పదు, రేకు కింద ఉండే వీ ఆకారపు గాడి దిమ్మ, అంటే డై, చెప్తుంది. రేకు డైకి పూర్తిగా అతుక్కోకుండా గాల్లో మడిచే పద్ధతిలో, మైల్డ్ స్టీల్‌కు లోపలి వ్యాసార్థం డై నోరు వెడల్పులో సుమారు 16 శాతం వస్తుంది. 12 మి.మీ. నోరు ఉన్న వీ డై అయితే 1.9. అదే 16 డై పెడితే 2.56 అవుతుంది, డిడక్షన్ 3.24కు పోతుంది. మడతకు పావు మిల్లీ తేడా. సాఫ్ట్‌వేర్‌లో నువ్వు వ్యాసార్థం 1 అని కొట్టినా 0.5 అని కొట్టినా అక్కడి డైకి తెలియదు కదా.

కాబట్టి డ్రాయింగ్ మొదలుపెట్టే ముందే ఫోన్ చేసి "1.6కు ఏ డై పెడతారు" అని అడగాలి. ఎక్కువ మంది అడగరు. కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు అసలే అడగరు. నేనూ అడగలేదు మొదట్లో.

మిర్చి_మిషన్ (హనుమకొండ), సోమవారం ఉదయం 8:02
అక్కా, థాంక్స్. రాత్రంతా వాళ్లను తిట్టుకున్నా, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోవాలో. ఇంకో డౌట్. పై అంచున లోపలికి 6 మి.మీ. పెదవి మడవమంటే కుదరదు అన్నారు. బద్ధకంతో అన్నారా, నిజంగానే కుదరదా?

పెడల్_కాక (గోదావరిఖని), సోమవారం మధ్యాహ్నం 1:50
కుదరదు బిడ్డా. నేను 31 ఏండ్లు బెండింగ్ మిషన్ మీద నిలబడ్డ, చదువు పదో తరగతి. అక్క చెప్పిన లెక్కలు నాకు రావు కానీ చేతికి తెలుసు.

రేకు డై మీద రెండు భుజాల మీద పడుకుంటది. మధ్యలో పైనుంచి నొక్కే పంచ్ దిగుతుంటే రెండు వైపులా లోపలికి జారుతది. పెదవి పొట్టిగ ఉంటే ఆ వైపు భుజం మీదికెళ్లి జారి డైలో పడిపోతది, వంకరగ వస్తది, డై భుజం కూడ గీకుతది. డై నోరు ఎంతో దాంట్ల 70 శాతం కన్న పెదవి తక్కువ ఉండొద్దు. 12 డై అయితే ఎనిమిదిన్నర. నువ్వు 10 పెట్టుకో, ఎవ్వరు వద్దనరు. 6 ఏ కావాలంటే 10 మడిచి తర్వాత కోసుకో.

ఇంకొకటి. పెదవి కూడ పెడితే 80 గోడ మడిచేటప్పుడు ఆ పెదవి పోయి పంచ్‌కు తగుల్తది. హంస మెడ లెక్క లోపలికి వంగిన పంచ్ ఉంటదా అని అడుగు, లేకపోతే పెదవి ఆలోచన వదిలేయ్.

అసలు మాట. ఏ షీటుతోని డబ్బా చేస్తవో అదే షీటుల సరిగ్గ 100 పొడుగు పట్టీలు మూడు కోయించు. అదే మిషన్, అదే డై, అదే పంచ్. నడిమిట్ల మడిపించు. మూలమట్టం పెట్టి 90 వచ్చిందా చూడు, రాకపోతే ఆ పట్టీని పక్కన పడేయ్. వచ్చినంక రెండు కాళ్లు బయట నుంచి కొలిచి కూడు. 100 కన్న ఎంత ఎక్కువుంటే అదే నీ లెక్క. పుస్తకం అవసరం లేదు, కంప్యూటర్ అవసరం లేదు.

లేజర్_తమ్ముడు (వరంగల్), సోమవారం మధ్యాహ్నం 2:15
కాకా చెప్పింది వంద శాతం. ములుగు రోడ్డు వైపు కటింగ్ షాపులో పని చేస్తా నేను. మా దగ్గరికి వచ్చే వాళ్లు డబ్బా ఫైలు పంపుతారు కానీ పట్టీలు అడిగేవాళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురు. పట్టీలు షీటు మిగులులోనే వస్తాయి, విడిగా ఖర్చే ఉండదు. పట్టీ అంచున కోతలో మిగిలిన గరుకు, అంటే బర్, మాత్రం ఆకురాయితో గీకి కొలవండి, లేకపోతే వెర్నియర్ అబద్ధం చెప్తుంది.

ఇంకో మాట, 1.6 అని రాసి ఉన్న షీటు 1.6 ఉండాలని లేదు. మొన్న మాకు వచ్చింది కొలిస్తే 1.52. డబ్బాలన్నీ ఒకే షీటు నుంచి కోయించుకోండి.

రెండోషిఫ్టు (పెద్దపల్లి), సోమవారం రాత్రి 9:30
మందం తేడాకు ఎందుకంత ప్రాధాన్యం అంటే, గాల్లో మడిచేటప్పుడు కోణాన్ని నిర్ణయించేది ప్రధానంగా పంచ్ ఎంత లోతుకు దిగిందనేదే. 12 డైలో పంచ్ 0.1 మి.మీ. ఎక్కువ దిగితే కోణం దాదాపు 1 డిగ్రీ మారుతుంది. రేకు పలచబడితే అదే సెట్టింగ్‌లో కోణం తేడా కొడుతుంది. దానికి తోడు రేకు వెనక్కి కూడా తంతుంది, మైల్డ్ స్టీల్ ఒక డిగ్రీ అటూ ఇటూ, స్టెయిన్‌లెస్ 304 అయితే రెండు మూడు డిగ్రీలు. 304 రేకును 90 కావాలంటే 87 దాకా తీసుకెళ్లి వదలాలి. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిషన్ ఉంటే ఈ బాధ లేదని కొందరంటారు కానీ దానికి కూడా మొదటి పీసు మడిచి, కొలిచి, సవరణ ఎంతో మనమే చెప్పాలి.

సుత్తి_చాలు (జనగామ), సోమవారం రాత్రి 9:48
సరే సుత్తి మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ తమ్ముడు అడిగిన రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. చేత్తో మడిచే ఫోల్డింగ్ మిషన్ ఒకటి, మీటరుది, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంటే తప్పేంటి? ప్రోటోటైప్ అంటే పది సార్లు మారుతుంది. పదిసార్లు ఊరికి ఆ చివర ఉన్న షాపుకు తిరగాలా? వాళ్లకు పెద్ద ఆర్డర్ ఉంటే మన ఒక్క పీసును మూలన పడేస్తారు, అది నాకు అనుభవమే, నాలుగు రోజులు తిప్పారు ఒకసారి.

బాలానగర్_రిటర్న్ (కరీంనగర్), సోమవారం రాత్రి 10:20
ఇది మాత్రం న్యాయమైన మాట. 18 గేజ్, 20 గేజ్, అంటే నీ రేకు కన్నా పలచటివి అయితే చేతి మిషన్ చాలా పనికొస్తుంది. బ్రాకెట్లు, మూతలు, చ్యూట్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. పై దవడ వేళ్లుగా విడిపోయే రకం తీసుకుంటే డబ్బాలు కూడా వస్తాయి. కానీ 16 గేజ్ మీటరు పొడవు చేత్తో మడవాలంటే నడుములు పోతాయి, మధ్యలో మడత తెరుచుకుపోతుంది. పైగా ఇంట్లో చేతి మిషన్ మీద వచ్చిన వంపు, రేపు వంద పీసులు ప్రెస్ బ్రేక్ మీద చేయించేటప్పుడు రాదు. వ్యాసార్థం వేరు, డిడక్షన్ వేరు. అంటే ప్రోటోటైప్‌లో సరిపోయిన డ్రాయింగ్ ప్రొడక్షన్‌లో మళ్లీ తప్పుతుంది. కాబట్టి ఆకారం చూసుకోవడానికి ఇంట్లో, ఖరారు చేయడానికి షాపులో. ఆకారానికైతే అట్టముక్క కూడా చాలు. నిజంగా చెప్తున్నా, అట్టపెట్టె కోసి మడిచి చూస్తే ఏ మడత ముందు, ఏది తర్వాత అనేది అక్కడే తేలిపోతుంది.

సొంతంగా చేసుకోవాలనే వాళ్లకు హైదరాబాద్ రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, 2023 మార్చిలో తెరిచారు, ప్రోటోటైప్‌ల కోసమే పెట్టింది. కానీ హనుమకొండ నుంచి ఒక డబ్బా కోసం రైలెక్కి పొమ్మని నేను చెప్పను.

లేజర్_తమ్ముడు (వరంగల్), సోమవారం రాత్రి 10:31
కాజీపేటలో రైల్వే మాన్యుఫాక్చరింగ్ యూనిట్‌కు 2023 జూలైలో శంకుస్థాపన చేసినప్పటి నుంచి మా ఓనర్ కొత్త సీఎన్‌సీ బెండింగ్ కొంటా అంటూనే ఉన్నాడు. కొన్నప్పుడు ఇక్కడ చెప్తా 😀

పెడల్_కాక (గోదావరిఖని), మంగళవారం ఉదయం 6:10
మిషన్ కొనుడు గురించి మాట్లాడుతున్నరు కాబట్టి ఒకటి చెప్పాలె. సెకండ్ హ్యాండ్‌ల చవకగ దొరికేవి పాత మెకానికల్ మిషన్లు, పెద్ద ఫ్లైవీల్, క్లచ్. పెడల్ తొక్కి క్లచ్ పట్టిందంటే ఆ దెబ్బ కిందిదాక పోవుడే, నడుమ ఆగదు. హైడ్రాలిక్‌ల కాలు తీస్తే ఆగుతది. నా ఎడమ చూపుడు వేలు మొదటి కణుపు దాక లేదు. చిన్న పీసు, చేతితోని పట్టుకున్న, పక్కోడు ఏదో అడిగిండు, తల తిప్పిన, కాలు పడ్డది. నొప్పి వెంటనే తెల్వలే. డై మీద చేతి గ్లవ్ ముక్క కనపడ్డంక తెలిసింది.

చిన్న పీసులను వేళ్లతోని పట్టొద్దు. పెద్ద రేకు అయితే మడతతోపాటు ముందుకు లేస్తది, గదువకు తగుల్తది, దాని మీదికి వంగి నిలబడొద్దు. రేకుకు, పైన దిగే ర్యామ్‌కు నడుమ చెయ్యి పెట్టొద్దు. ఇద్దరు పట్టుకున్నప్పుడు పెడల్ ఒక్కని కాలు కిందనే ఉండాలె.

మిర్చి_మిషన్ (హనుమకొండ), మంగళవారం ఉదయం 7:40
కాకా 🙏 కొనే ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టా.

రెండోషిఫ్టు (పెద్దపల్లి), మంగళవారం రాత్రి 8:55
వ్యాసార్థం చిన్నగా రావాలని చిన్న డై పెట్టమని ఒత్తిడి చేసేవాళ్లకు కూడా ఒక మాట. మామూలు లెక్క, డై నోరు మందానికి 8 రెట్లు. మైల్డ్ స్టీల్‌లో 3 మి.మీ. రేకుకు 24 డై పెడితే మీటరు మడతకు 25 టన్నుల బలం కావాలి. డైని సగం చేస్తే టన్నులు రెట్టింపు. స్టెయిన్‌లెస్ అయితే దాని మీద ఇంకో ఒకటిన్నర రెట్లు. నేను ముందు పని చేసిన చోట 5 మి.మీ. స్టెయిన్‌లెస్‌ను ఉన్న డైతో కానిచ్చేద్దామని 20 డై మీద పెట్టారు. డై నిలువునా పగిలింది, ముక్క వెళ్లి ఎదుటి గోడకు కొట్టుకుంది. ఆ టైంలో అటువైపు ఎవరూ లేరు, టీకి పోయారు.

క్యాడ్_అక్క (కాజీపేట), మంగళవారం రాత్రి 9:20
మిర్చి తమ్ముడూ, రెండోసారి ఇచ్చే ముందు నీ ఫైలులో ఇంకో రెండు చూసుకో. మడత గీతకు దగ్గర్లో రంధ్రాలు ఉన్నాయా? రంధ్రం అంచు నుంచి మడత వరకు మందానికి రెండున్నర రెట్లు, దానికి లోపలి వ్యాసార్థం కలిపినంత దూరం ఉండాలి, నీకు 6 మి.మీ. అంతకన్నా దగ్గరుంటే గుండ్రం రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. రెండోది, మూలల్లో రెండు మడత గీతలు కలిసే చోట 4 మి.మీ. చిన్న రంధ్రం పెట్టు. లేకపోతే రేకు అక్కడ ఉబ్బుతుంది, చిరుగుతుంది కూడా.

మిర్చి_మిషన్ (హనుమకొండ), మంగళవారం రాత్రి 9:33
అక్కా, మీరు నా డబ్బా చూసినట్టే చెప్తున్నారు. వైర్లు బిగించే టెర్మినల్ పట్టీ స్క్రూ రంధ్రాలు గీతకు 3 మి.మీ. దూరంలో పెట్టాను, రెండూ సాగిపోయాయి. మూలలు ఉబ్బి ఉన్నాయి, అది షాపు వాళ్ల పనితనం అనుకున్నా.

బాలానగర్_రిటర్న్ (కరీంనగర్), మంగళవారం రాత్రి 9:50
రేపు ఎవరైనా దీన్ని అల్యూమినియంలో చేద్దామంటే, 6061 టీ6 గట్టి రేకు తీసుకోకండి, బిగువైన మడత దగ్గర పగులు వస్తుంది. 5052 అయితే హాయిగా మడుస్తుంది. ఏ రేకైనా రోలింగ్ దిశకు (ఫ్యాక్టరీలో రోలర్ల మధ్య సాగదీసిన వైపుకు) అడ్డంగా మడత పడితే మంచిది. 8 × 4 అడుగుల షీటులో రోలింగ్ మామూలుగా పొడుగు వైపే ఉంటుంది. లేజర్ వాళ్లు రేకు వృథా కాకూడదని పీసులను అటూ ఇటూ తిప్పి సర్దుతారు, ఆ తిప్పడంలో దిశ మారిపోతుంది. గట్టి అల్యూమినియంలో ఇది చాలా ముఖ్యం, మీ మెత్తటి సీఆర్‌లో అంత పట్టింపు లేదు.

మిర్చి_మిషన్ (హనుమకొండ), తర్వాతి శనివారం రాత్రి 11:20
పోయాను. అదే షాపుకే. సిగ్గుపడుతూ పోయా కానీ ఆపరేటర్ అన్న ఏమీ అనలేదు, "పట్టీలు తెచ్చినవా, కూర్చో" అన్నాడు. హైడ్రాలిక్ మిషనే, వెనక గేజ్ చేత్తో తిప్పేది. 1.6కు ఏ డై పెడతారు అంటే 12 చూపించాడు.

మొదటి పట్టీ 92 డిగ్రీలు వచ్చింది, మూలమట్టం కింద వెలుతురు సందు కనిపించింది. కాక చెప్పినట్టు దాన్ని పక్కన పడేశా. అన్న స్టాపర్ మీద ఏదో కొంచెం తిప్పాడు, నాకైతే తిప్పినట్టే కనిపించలేదు. రెండోది 90. బర్ గీకి కొలిస్తే ఒక కాలు 51.4, ఇంకోటి 51.6. మూడోది 51.5, 51.6. అంటే 103.0, 103.1. అక్క వేసిన లెక్క అక్కడి డై మీద అలాగే దిగింది, నిజంగా ఒళ్లు జలదరించింది.

అక్కడే లాప్‌టాప్ తెరిచి 454 × 354కు మార్చాను. గోడల గీతలు 80 నుంచి 78.5కు జరిపాను. పెదవి తీసేశా, మూతకు బయట నుంచే స్క్రూలు పెట్టుకుంటా. ఒక కొత్త విషయం కూడా అక్కడే తెలిసింది. ముందు 200 అంచులు రెండూ మడిచాడు. తర్వాత 300 అంచులు మడవాలంటే ఆ లేచిన గోడల మధ్య పంచ్ పట్టాలి. లోపల ఉన్నది 296.8. అతని దగ్గర పంచ్ ముక్కలు కలిపితే 295 అయింది. ఒక్క ముక్క పెద్దదైనా గోడలకు కొట్టుకునేది. పంచ్ ఎత్తు కూడా 80 కన్నా ఎక్కువ ఉంది కాబట్టి గోడలు పైన తగల్లేదు. ఇది కూడా డ్రాయింగ్ గీసే ముందు అడగాల్సిందే అని నాకు అప్పటిదాకా తట్టలేదు. నా డబ్బా 290 అయ్యి ఉంటే అతను ముక్కలు మళ్లీ ఏరుకోవాల్సి వచ్చేది.

వచ్చింది 300.1 × 200.0. ఇంటికి తెచ్చి ఫ్రేములో పెడితే సర్రున దూరింది. అమ్మను పిలిచి చూపించా. "దీంట్లో మిర్చి ఎక్కడ పోయాలె" అంది.

పెడల్_కాక (గోదావరిఖని), ఆదివారం ఉదయం 5:55
శభాష్ బిడ్డా. ఆ ఆపరేటర్‌కు ఒక చాయ్ తాపినవా లేదా?

మిర్చి_మిషన్ (హనుమకొండ), ఆదివారం ఉదయం 8:15
చాయ్, సమోసా కూడా కాకా. ఇంకో ముచ్చట, కేబుల్ లోపలికి వచ్చే రంధ్రం ఉన్న గోడ సరిగ్గా ఫ్రేము యాంగిల్ వెనక్కి పోయింది. అది మాత్రం ఎవరి మీదా తొయ్యలేను.

క్యాడ్_అక్క (కాజీపేట), ఆదివారం ఉదయం 8:40
😂 రంధ్రం పక్క గోడకు మార్చి మూడోది కొట్టించు. దాన్ని పౌడర్ కోటింగ్‌కు ఇస్తే ఒక్కో వైపు 60 నుంచి 100 మైక్రాన్లు పెరుగుతుంది, నీ 301 గ్యాప్‌లో ఇంకా చోటుంది. ఎర్త్ బోల్టు చోట మాత్రం టేపు అంటించి ఇవ్వు, కోటింగ్ మీద ఎర్త్ పట్టదు.

మిర్చి_మిషన్ (హనుమకొండ), ఆదివారం ఉదయం 8:44
టేపు ఇప్పుడే బ్యాగులో వేసుకున్నా అక్కా. పాత రెండు డబ్బాలు అమ్మ తీసుకుంది, ఒకటి చింతపండుకు, ఇంకోటి మొలలకు.